ఐలయ్య సంతకం

నాకు కోపం ఎక్కువ. ఈ సంగతి బోరబండలో మా గల్లీకంతా తెలుసు, మా కంపెనీకి తెలుసు, పదేళ్ళుగా నా దగ్గర తాడు పట్టడం నేర్చుకున్న ప్రతివాడికీ తెలుసు. కాబట్టి ఇది చెప్పేటప్పుడు అక్కడక్కడా గొంతు లేస్తే ఏమీ అనుకోవద్దు. మోసపోయిన మనిషి మెల్లగా మాట్లాడటం నేనైతే ఎక్కడా చూడలేదు.

నా పేరు ఐలయ్య. హైటెక్ సిటీలో, గచ్చిబౌలిలో ఎండకి తళతళా మెరిసే పెద్ద పెద్ద ఆఫీసులున్నాయి కదా, వాటి అద్దాలు బయటి నుంచి తుడిచే పని మాది. టెర్రస్ మీద తాళ్ళు కట్టుకుని, నడుముకి బెల్టు బిగించుకుని, బకెట్టూ బ్రష్షూ తగిలించుకుని గోడ వెంట కిందికి దిగుతాం. లోపల ఏసీలో కూర్చున్నవాళ్ళు కొందరు చెయ్యూపుతారు. కొందరు మమ్మల్ని చూసి కర్టెన్ లాగేస్తారు. మేం పోయాక ఒక చుక్క మిగిలిపోయిందని మెయిల్ పెట్టేవాడు మాత్రం ప్రతి అంతస్తులోనూ ఒకడుంటాడు.

పదహారేళ్ళు నేనే దిగాను. మోకాళ్ళు మొరాయించాక కంపెనీ నన్ను కొత్తవాళ్ళకి నేర్పే పనిలో పెట్టింది. కొత్తగా చేరినవాడు ఎవడైనా సరే, నా దగ్గర రెండు వారాలు నేర్చుకోవాలి. నేను పాస్ చేస్తే కార్డు మీద సంతకం పెడతాను. ఆ కార్డు మెడలో లేనివాడు టెర్రస్ అంచు దాటకూడదు. అది రూలు.

నేర్పేది పెద్ద చదువేం కాదు. తెల్ల తాడు పని తాడు, ఎర్ర తాడు ప్రాణం తాడు. తెల్లది తెగినా ఎర్రది పట్టుకుంటుంది. రెండింటినీ ఒక్కచోట కట్టొద్దు, వేర్వేరు చోట్ల కట్టాలి. పొద్దున్నే తాడంతా వేళ్ళ మధ్య నుంచి పోనిచ్చి ఎక్కడైనా నలిగిందేమో తడిమి చూడాలి. గోడ అంచు తగిలేచోట తాడు కింద పాత ఫైర్ పైపు ముక్క వెయ్యాలి. ఇదంతా చెప్పడానికి పది నిమిషాలు చాలు. మరి రెండు వారాలెందుకని ఆఫీసులో నాతో ఎప్పుడూ గొడవే. ఎందుకంటే, బుర్రకి పది నిమిషాల్లో ఎక్కేది చేతులకి ఎక్కదు. నెత్తి మీద ఎండ మాడుతూ, కింద నుంచి సూపర్‌వైజర్ ఫోన్ మీద ఫోన్ చేస్తున్నప్పుడు కూడా చేతులు వాటంతట అవే రెండో చోటు వెతుక్కోవాలి. దానికి రెండు వారాలు పడుతుంది. కొందరికి మూడు.

చివరి రోజు నేను పెట్టే పరీక్ష ఒకటుంది. నేర్చుకున్నవాడు తాళ్ళు కడతాడు. ఆ తాళ్ళ మీద దిగేది మాత్రం వాడు కాదు, నేను. మోకాళ్ళు ఎంత నొచ్చినా సరే ఒక్క అంతస్తైనా దిగుతాను. ముడి తప్పుంటే దిగకముందే విప్పేసి వాణ్ణి ఇంటికి పంపుతాను. ఎందుకిలా అంటే, మనవాళ్ళకి తమ ప్రాణమంటే లెక్కలేదు. "ఏం గాదు సార్" అని ఒక్క మాటనేసి దూకేస్తారు. అదే ఇంకొకడి ప్రాణం అనేసరికి చేతులు వణుకుతాయి, ముడిని మూడుసార్లు లాగి చూస్తారు. అలా లాగి చూసే అలవాటు పడ్డాకే నా సంతకం. "ఐలయ్య సంతకం పడిందంటే ఫికర్ లేదు" అని మావాళ్ళు అనుకుంటుంటే నాకు మీసం మెలెయ్యాలనిపించేది. ఆ గర్వం సంగతి తర్వాత చెబుతాను.

సాయిచంద్ మా గల్లీవాడే. మా ఇంటికి మూడిళ్ళ అవతల నీలమ్మ కొడుకు. ఇరవై ఆరేళ్ళుంటాయి. బైక్ టాక్సీ తోలి తోలి విసిగిపోయి, "కాకా, నీ పనిలో పెట్టుకో" అని నా వెంటపడ్డాడు. చురుకైనవాడు, తొందర మనిషి. పరీక్ష రోజున రెండు తాళ్ళూ తీసుకెళ్ళి ఒకే ఇనుప కమ్మీకి కట్టాడు.

"ఇదేందిరా?" అన్నాను.

"ఇదొక్కటే మజ్‌బూత్ ఉన్నది కాకా. పక్కదంతా తుప్పు పట్టింది."

"ఎంత మజ్‌బూతైనా ఒక్కటి ఒక్కటేరా! అది ఊడితే ఏది పట్టుకుంటది నిన్ను? మీ అమ్మనా?"

అందరి ముందూ తిట్టాను. తాళ్ళు విప్పేసి, ఇంకో రెండు వారాలు నేర్చుకోమన్నాను. వాడు తల వంచుకుని పోయాడు. సాయంత్రం నీలమ్మ వచ్చి మా గడపలో నిలబడింది. "అన్నా, వాని దోస్తులకందరికి కార్డులొచ్చినయి. పోరడు పరేషాన్ అయితున్నడు" అంది. వచ్చినప్పుడు వస్తుందిలే చెల్లె అని చెప్పి పంపాను.

ఇంతలో నా కళ్ళు అడ్డం పడ్డాయి. ఎడమ కంటికి శుక్లం ముదిరిందనీ, ఆపరేషన్ చేయించుకుని మూడు వారాలు దుమ్ముకి, ఎండకి దూరంగా ఉండాలనీ డాక్టర్ చెప్పాడు. అప్పుడు వచ్చాడు వేణు.

వేణు నా మొదటి బ్యాచ్. బ్రష్ పట్టడం దగ్గర్నుంచి నేనే నేర్పాను. వాడు కట్టిన ముడి మీద నేను దిగినంత నిశ్చింతగా మా ఇంటి మెట్లు కూడా దిగలేదు. వాణ్ణి సూపర్‌వైజర్ని చేయమని ఆఫీసులో మాట చెప్పింది నేను. మా ఇంట్లో ఏ శుభకార్యమైనా మొదటి పిలుపు వాడికే. నా భార్యయితే వాడికి పెట్టకుండా నాకు తలకాయకూర పెట్టేది కాదు.

ఆపరేషన్‌కి ముందురోజు గచ్చిబౌలిలో ఆఫీసు ఎదురుగా ఉన్న హోటల్లో కూర్చున్నాం. వేణు బ్యాగులోంచి ఇరవై ఖాళీ కార్డులు తీసి టేబుల్ మీద పెట్టాడు.

"సార్, పుప్పాలగూడ దిక్కు కొత్త టవర్ ఒప్పుకున్నరు మనోళ్ళు. ఓపెనింగ్ దగ్గరికొచ్చింది. నువ్వు లేవని మూడు వారాలు కొత్తోళ్ళను ఆపితే పని ఆగిపోతది. సంతకాలు పెట్టియ్యి. నీ లెక్కనే నేర్పిస్త. వాళ్ళు కట్టిన తాళ్ళ మీద నేనే దిగుత."

"గట్ల ఖాళీ కార్డు మీద పెట్టరాదురా."

"నా మీద నమ్మకం లేదా సార్?"

ఆ ఒక్క మాటకి నేను చిత్తయ్యాను. కన్నకొడుకు అడిగితే కూడా అంత తేలిగ్గా పడేవాణ్ణి కాదేమో. ఇరవై కార్డుల మీదా సంతకాలు పెట్టాను. కళ్ళకి గీత సరిగ్గా కనిపించకపోతే, ఎక్కడ పెట్టాలో వేలితో చూపించింది కూడా వాడే. తర్వాత ఇద్దరం ఇంకో చాయ్ తాగాం. చాయ్ నేనే చెప్పాను.

ఆపరేషనైన పదమూడో రోజు మధ్యాహ్నం నీలమ్మ ఫోన్ చేసింది. మొదట ఏడుపు తప్ప ఏమీ వినిపించలేదు. తర్వాత తెలిసింది. సాయిచంద్ కొత్త టవర్ మీద నుంచి పడ్డాడు. టెర్రస్ మీద ఏసీ పైపులకి ఆసరాగా పెట్టిన ఇనుప ఫ్రేముకి తాళ్ళు కట్టాడట. ఫ్రేము ఊడొచ్చింది. అదృష్టం బాగుండి అప్పటికే చాలా కిందికి దిగి ఉన్నాడు, నేల దాకా పోలేదు, మూడంతస్తుల కింద పార్కింగ్ కప్పు మీద పడ్డాడు. నడుము విరిగింది.

నల్లకళ్ళద్దాలు పెట్టుకుని ఆటోలో దవాఖానకి పరిగెత్తాను. వాణ్ణి లోపలికి తీసుకెళ్ళిపోయారు. నీలమ్మ వరండాలో గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ఒళ్ళో పాలిథిన్ సంచి. వాడి చెప్పులు, ఫోను, బెల్టు కోసినప్పుడు తీసిన కార్డు అందులో ఉన్నాయి. ఆ కార్డు మీద వాడి ఫోటో, వాడి పేరు, కింద నా సంతకం.

"రెండు తాళ్ళు ఒక్కదానికే కట్టిండంటనే అన్నా" అంది నీలమ్మ. "నువ్వు నేర్పినవ్ గద. ఎట్ల మర్చిండో ఏమో."

నన్ను తప్పు పట్టలేదు ఆమె. పట్టి ఉంటే ఎదురు మాట్లాడేవాణ్ణి. నేను ఆ సంచి వైపే చూస్తూ నిలబడ్డాను. నేను ఫెయిల్ చేసినవాడి మెడలోకి నా సంతకం ఎలా వచ్చిందో నాకు అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. ఒళ్ళంతా మండిపోయింది.

వేణు టవర్ దగ్గరే ఉన్నాడు. టెర్రస్ మీద ఒంటరిగా తాళ్ళు చుడుతున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"ఎన్ని దినాలు నేర్పినవ్?" అని అడిగాను.

"సార్, జర కూసో. కంటికి దుమ్ము..."

"నా కన్ను సంగతి నీకెందుకు? ఎన్ని దినాలు?"

"ఒక్క పూట."

"వాళ్ళు కట్టిన తాళ్ళ మీద దిగినవా?"

వాడు వంగి చేతిలో తాడు మళ్ళీ చుట్టబోయాడు.

"ఒక్కని తాడు మీదనన్నా దిగినవారా?"

"పద్నాలుగు మంది సార్! దినాం ఫోన్ల మీద ఫోన్లు. ఎంతమంది ఎక్కిర్రు, ఎన్ని అంతస్తులైనయి అని. ఇది టైముకు అయితే నన్ను సైట్ ఇన్‌చార్జి చేస్తమన్నరు. నేనేం జెయ్యాలె?"

"సాయిచంద్‌ను నేను ఫెయిల్ జేసిన్నని నీకు ఎరుకే గద?"

"ఎరుకే. గిట్ల అయితదని అనుకోలే సార్."

వాడి చెంప పగలగొడదామని చెయ్యి లేచింది. కానీ వాడు అప్పుడే ఇంకో మాటన్నాడు, దాంతో చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"ఎక్కువ లొల్లి చెయ్యకు సార్. సంతకం నీది. ఇరుక్కుంటే ముందు నువ్వే ఇరుక్కుంటవ్. ఇద్దరం ఒక్క మాట మీద ఉంటే ఇద్దరం బతుకుతం."

పదేళ్ళు నా కంచం పక్కన కంచం పెట్టుకుని తిన్నవాడు ఆ మాటంటున్నాడు. వాడి గొంతులో కోపం కూడా లేదు, ఏదో నా మంచి కోరి చెబుతున్నట్టు అన్నాడు. వెనక్కి తిరిగి టెర్రస్ మెట్లు దిగి వచ్చేశాను. నేను మోసపోయాను. నా సొంత చేతులతో పెంచినవాడే నన్ను ముంచాడు. ఇంటికి పోయేదాకా ఆటోలో ఇదే అనుకున్నాను, పైకే అనుకున్నాను. ఆటోవాడు అద్దంలోంచి నన్ను చూసి రేడియో ఆపేశాడు.

నాలుగో రోజు కంపెనీ ఆఫీసులో ఎంక్వైరీ. మేనేజర్ పార్థసారథి గారు. కాకినాడ మనిషి, మెత్తటి మాట. ఎవర్నీ ఏకవచనంతో పిలిచి ఎరగడు. ముందు నా కన్ను గురించి అడిగి, మంచినీళ్ళు తెప్పించి, అప్పుడు టైపు చేసిన కాగితం ఒకటి నా ముందుకు తోశాడు. వేణు నాకు ఎదురుగా కూర్చుని గోళ్ళు చూసుకుంటున్నాడు.

"ఐలయ్య గారూ, ఇందులో ఏమీ లేదండి. కుర్రాడికి మీరు ట్రైనింగ్ ఇచ్చారు, పాస్ చేశారు, అతను నేర్పినట్టు కట్టలేదు. అంతేనండి. మీకూ ఇబ్బంది ఉండదు, వేణుకీ ఉండదు."

"సాయిచంద్‌కు?"

"అతని వైద్యం మనం చూస్తాంగా అండి. మాట మాత్రం రికార్డులో స్పష్టంగా ఉండాలి కదా. పైనుంచి అడుగుతారు. ఇదిగోండి, ట్రైనింగ్ అయినట్టు ఫోటో కూడా ఉంది."

ఫోటో చేతికిచ్చాడు. టెర్రస్ మీద పద్నాలుగు మంది హెల్మెట్లు పెట్టుకుని వరసగా కూర్చున్నారు. వెనక బ్యానర్. చివర్న సాయిచంద్, బొటనవేలు పైకెత్తి నవ్వుతున్నాడు. వాళ్ళ ముందు తాళ్ళ చుట్టలు పేర్చి ఉన్నాయి. ఆపరేషన్ అయ్యాక నా ఎడమ కన్ను ఇంత బాగా చూస్తుందని నాకు అప్పుడే తెలిసింది.

"సార్, ఈ తాళ్ళు చూడుండ్రి. కొత్తయి. మీద ప్లాస్టిక్ కవర్ కూడా ఇప్పలే. మరి వీళ్ళు దేంతోని నేర్చుకున్నరు? గాలితోనా?"

పార్థసారథి గారు ఫోటో తీసుకుని చూశాడు. వేణు తల ఎత్తలేదు.

ఇగ నేను ఆగలేదు. తెల్లకాగితం ఇమ్మని అడిగాను. ఇవ్వకపోతే బయటికెళ్ళి రాసి లేబర్ ఆఫీసులో ఇచ్చి వస్తానన్నాను. ఇచ్చారు. మొత్తం రాశాను. సాయిచంద్‌ని నేను ఫెయిల్ చేశానని, నాకు ఆపరేషన్ ఉన్నప్పుడు వేణు వచ్చి నమ్మించి ఖాళీ కార్డుల మీద సంతకాలు పెట్టించుకున్నాడని, ఒక్క పూటలో పద్నాలుగు మందిని పైకెక్కించాడని, నా ఉప్పు తిని నాకే ద్రోహం చేశాడని. ఒకటిన్నర పేజీ వచ్చింది. గట్టిగా చదివి వినిపించాను. పక్క క్యాబిన్లవాళ్ళు తొంగి చూశారు. చూడనీ అనుకున్నాను.

"ఇది ఇస్తే రేపటి నుంచి మీరూ రానక్కర్లేదండి" అన్నాడు పార్థసారథి గారు, అదే మెత్తదనంతో.

"రాను. ముందు మిగిలిన పదమూడు మందిని కిందికి దించుండ్రి."

దించారు. ఆ సాయంత్రమే పదమూడు కార్డులూ వెనక్కి తీసుకున్నారు. రాసిన కాగితం నకలు తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాను. వేణు లిఫ్టు దగ్గర "నన్ను పూరా ముంచినవ్ సార్" అన్నాడు. నేను వాడి మొహం కూడా చూడలేదు. ఉద్యోగం పోయినా గుండె తేలికగా ఉంది. నిజం చెప్పాను, నా పేరు నిలబెట్టుకున్నాను, పోరడి మీద నింద పడకుండా చూశాను. ఇంతకన్నా ఎవడైనా ఏం చేస్తాడు?

మర్నాడు పొద్దున్నే దవాఖానకి వెళ్ళాను. సాయిచంద్‌ని వార్డులోకి మార్చారు. వాడికి ఆ కాగితం చదివి వినిపించాలని ఎంత ఆత్రంగా వెళ్ళానో! నీలమ్మ నన్ను చూసి స్టూలు ఖాళీ చేసి, చాయ్ తెస్తానని బయటికి పోయింది.

వాడు వెల్లకిలా పడుకుని ఉన్నాడు. గడ్డం పెరిగింది. నన్ను చూసి నవ్వబోయాడు.

"అంత చెప్పేసి వచ్చినరా" అన్నాను. "ఇగ నీ తప్పని ఎవ్వడనడు. వేణుగాడు జేసిన దగా మొత్తం కాగితం మీద పెట్టిన. వాడు నిన్ను ముంచిండు, నన్ను ముంచిండు."

వాడు కాసేపు పైన ఫ్యాను వైపు చూశాడు.

"వేణన్న నన్ను ఎక్కుమని బలవంతం జెయ్యలే కాకా."

"మరి?"

"గా రోజు పైకి పోయినంక నాకు భయమైంది. వేణన్నకు చెప్పిన. నాకింక సరిగ్గ వస్తలేదన్నా, ఐలయ్య కాక ఫెయిల్ జేసిండు, ఇంక రెండు వారాలు నేర్చుకొమ్మన్నడు, నేను దిగ అని. దిగకు తియ్యి అనలేదు, దిగు అనలేదు. ఊకే కార్డు తీసి నా చేతుల పెట్టిండు. చూస్తే నీ సంతకం."

నేను స్టూలు మంచం దగ్గరికి లాక్కున్నాను.

"గింతసేపు చూసిన కాకా దాన్ని. కాక ఉత్తగ పెట్టడు గద అనుకున్న. నేను ఫెయిలైనంక కూడ వారం దినాలు నీ దగ్గర కడుతనే ఉన్న గద, అప్పుడు నువ్వు చూసి ఉంటవ్, నాకు వచ్చేసిందని నీకు ఎరుకై ఉంటది, నాకే తెలుస్తలేదు అనుకున్న. మస్తు ఖుషైంది. అమ్మకు ఫోన్ జేసి చెప్పిన, కాక పాస్ జేసిండే అని. గప్పుడు దిగిన."

జేబులో కాగితం ఉంది. అందులో వేణు పేరు ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. నా పేరు మాత్రం ఒక్కసారే ఉంది, చివర్న, సంతకం పెట్టిన చోట. ఇన్ని రోజులు నన్ను ముంచారు నన్ను ముంచారని ఊరంతా అరిచి తిరిగాను. భయపడి ఆగిపోయిన పోరణ్ణి అంచు దాటించింది వేణు మాట కాదు. వేణు మాట వాడు నమ్మలేదు. నన్ను నమ్మాడు.

"తప్పు నాదిరా సాయీ" అన్నాను. "చూడకుండ పెట్టిన. ఖాళీ కార్డు మీద పెట్టిన. నీకు రాలేదురా అప్పటికి. నీ భయమే కరెక్టు."

ఏడుస్తాడనుకున్నాను. తిడతాడనుకున్నాను, తిడితే పడదామనే అనుకున్నాను. వాడు కళ్ళు మూసుకున్నాడు. కళ్ళు తెరవకుండానే అన్నాడు:

"కాకా, కాళ్ళ మీద దుప్పటి ఉన్నదా? జారిపోతే నాకు తెలుస్తలేదు."

దుప్పటి కింద పడి ఉంది. తీసి కప్పాను.